సీమ కొండలు ఎక్కేదెట్లా: బండ కాగేలోపు దిగిరావడానికి పూర్తి మార్గదర్శి

అనంతపురం చుట్టుపక్కల కొండలు ఎక్కాలనుకునే వాళ్లు నన్ను మొదట అడిగేది కొండ ఎంత ఎత్తు ఉంటుందని. నేను తిరిగి అడిగేది పొద్దున ఎన్ని గంటలకు లేస్తారని. మన సీమ కొండల్లో ఎత్తు పెద్ద అడ్డంకి కాదు. గుత్తి కొండ కింది మైదానం నుంచి దాదాపు 300 మీటర్లు, మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి నిదానంగా నడిచినా రెండు గంటల్లో పైకి చేరతాడు. కష్టమంతా ఎండతోనూ నీళ్లతోనూ. నీడనిచ్చే చెట్టు ఉండదు, తాగే నీళ్లు దొరకవు, పొద్దెక్కే కొద్దీ కాళ్ల కింద బండ పెనంలా కాగుతుంది. అందుకే ఇక్కడ ప్లాన్ వేసుకోవడమంటే ముందు దిగిరావాల్సిన టైం ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ బయల్దేరే టైం దాకా రావడం. ఇది అలవాటైన మనిషిని ఏ కొండకైనా ధైర్యంగా పంపుతాను.

మనది వానచాటు నేల. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీద కురిసేసి ఇక్కడికి చాలావరకు తేమ పోగొట్టుకుని వస్తాయి, ఈశాన్య రుతుపవనాలేమో తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. అనంతపురానికి ఏడాది మొత్తం మీద సగటున పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూనే. నేల ఎడారి కాదు కానీ మార్చి దాటాక కొండ మీద నిలబడితే మీ ఒంటికి ఆ తేడా తెలియదు.

ఏ నెలలో, ఏ గంటకు

నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా మంచి కాలం. సెప్టెంబర్, అక్టోబర్‌లలో వానలు పడితే కొండలన్నీ పచ్చగా, బండల మధ్య గడ్డి నడుము దాకా పెరిగి చాలా అందంగా ఉంటాయి, కానీ ఆ గడ్డిలో అడుగు ఎక్కడ పడుతుందో కనబడదు, తడి బండ మీద పాచి జారుతుంది, ఉరుములు మొదలైతే కొండ నెత్తిన దాక్కునే చోటు ఉండదు. కాబట్టి వాన పడ్డ మూడు నాలుగు రోజుల తర్వాత, పొద్దున మబ్బు లేదని చూసుకుని వెళ్లండి. మార్చిలో వెళ్లాలంటే చిన్న కొండ, అదీ తొమ్మిదికల్లా కిందికి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం వైపు ఎండ 40 డిగ్రీలు దాటడం ఆ రోజుల్లో మామూలు, అదీ నీడలో కొలిచిన లెక్క. కొండ మీద నీడే లేదు కదా.

డిసెంబర్‌లో మన దగ్గర ఆరున్నర దాటాక పొద్దు పొడుస్తుంది. ఆరింటికల్లా కొండ కింద ఉండండి, వెలుగు రేకలు రాగానే నడక మొదలుపెట్టండి, తొమ్మిదికి పైన ఎక్కడున్నా సరే వెనక్కి తిరగండి. పదిన్నర, మహా అయితే పదకొండుకు కింద ఉండాలి. శిఖరం ఇంకో పదిహేను నిమిషాలే కదా అనిపిస్తుంది. అప్పుడు కూడా తిరగండి.

సాయంత్రం చల్లగా ఉంటుంది, నాలుగింటికి మొదలుపెడదాం అనేవాళ్లు చాలామంది. శీతాకాలంలో చిన్న గుట్టకు పర్వాలేదు. మిగతా కాలంలో పగలంతా ఎండ తాగిన బండ పొద్దు మునిగాక కూడా గంటల తరబడి వేడి వదులుతూనే ఉంటుంది, చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. పైగా దిగడం చీకట్లో పడుతుంది. కాళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు, అడుగు కనబడనప్పుడు దిగడం కంటే ప్రమాదం మన కొండల్లో ఇంకొకటి లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట మార్చిలో మా మేనత్త కొడుకుతో కలిసి పెనుకొండ ఎక్కాను. బస్సు దిగి, టిఫిన్ చేసి, మొదలుపెట్టేసరికే తొమ్మిదిన్నర. ఇద్దరికీ కలిపి రెండు లీటర్ల నీళ్లు. పదకొండున్నరకు వాడు తల నొప్పిగా ఉందన్నాడు, కాసేపటికి చెమట పట్టడం ఆగిపోయింది, ఏదో సంబంధం లేకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు భయమేసింది. ఒక పాత గోడ పక్కన జానెడు నీడలో కూర్చోబెట్టి, మిగిలిన నీళ్లు తాగించకుండా ముందు చొక్కా మీద, తల మీద, మెడ మీద పోసి టవల్‌తో విసిరాను. జీవాలు మేపుకుంటున్న ఒక పెద్దాయన చూసి వచ్చాడు. "ఈ పొద్దులో ఏడికి బయల్దేరినారప్పా, మేకలు గూడా నీడకు చేరినాయి గదా" అన్నాడు, తిట్టినట్టు కాదు, బాధపడినట్టు. ఆయన సొరబుర్రలో తెచ్చుకున్న మజ్జిగతో, ఆయన చూపించిన అడ్డదారితో కిందికి తెచ్చి ఆసుపత్రికి చేర్చాం. వాడు కోలుకున్నాడు. ఆ మేకల మాట మాత్రం నేను మర్చిపోలేదు. జీవాలు నీడకు చేరే వేళకు మనం కింద ఉండాలి.

నీళ్లు, సద్ది

గంట నడకకు మనిషికి ముప్పావు లీటరు చొప్పున లెక్కేయండి. చలికాలం పొద్దున అర లీటరు చాలొచ్చు, ఎండెక్కితే లీటరు కూడా చాలదు. నాలుగు గంటల కొండకు మూడు లీటర్లు, ఒక్కొక్కరికి, ఎవరివి వాళ్లే మోయాలి. ఒకే పెద్ద క్యాన్ వద్దు, మూడు లీటరు బాటిళ్లు పెట్టుకోండి. ఒకటి ఎక్కడానికి. ఒకటి దిగడానికి. మూడోది ముట్టుకోకూడదు, అది ఎవరికైనా బాగాలేకపోతే వాడాల్సింది. మొదటి బాటిల్ ఖాళీ అయిందంటే మీరు ఎక్కడున్నా అదే మీ శిఖరం, తిరిగి రండి. టైం చూడటం మర్చిపోయేవాళ్లకు కూడా ఈ బాటిల్ లెక్క పనిచేస్తుంది, అందుకే పిల్లలతో వెళ్లేటప్పుడు నేను దీన్నే పెట్టుకుంటాను.

వట్టి నీళ్లే గడగడా తాగితే సరిపోదు, చెమటలో ఉప్పు పోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ రెండు జేబులో ఉంచండి. లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ మట్టంగా కొలిచి, ఇంట్లోనే కలుపుకోవచ్చు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ కూడా బాగుంటుంది, కాకపోతే పొద్దున్నే తాగేయాలి, సంచిలో ఊగి ఊగి పులిసిపోతుంది. తినడానికి వేయించిన చెనిక్కాయలు, బెల్లం ముక్క, బొరుగులు. చిత్రాన్నం కట్టుకుపోతే ఎనిమిదిలోపు తినేయండి. ఉగ్గాని బజ్జీ దిగొచ్చాక తినండి, నూనె వస్తువు తిని ఎక్కితే దాహం ఎక్కువవుతుంది.

పైన దొనలు ఉంటాయి, అంటే బండ గుంటల్లో నిలిచిన వాన నీళ్లు. కొండ కింద ఎండిన వంకలో ఇసుక తోడితే చలిమలో నీళ్లూరతాయి. కాపరులకు వాటి ఆనుపానులు తెలుసు. మీరు మాత్రం వాటిని నమ్ముకుని ఒక్క బాటిల్ కూడా తగ్గించొద్దు. దొన ఏ వారం ఎండుతుందో చెప్పలేం, ఉన్న నీళ్లలో కోతులూ మేకలూ మూతి పెట్టి ఉంటాయి. ముఖం కడుక్కోండి, టవల్ తడుపుకోండి, తాగొద్దు.

ఒంటి మీదికి, కాళ్లకు

నిండు చేతుల నూలు చొక్కా, నిండు ప్యాంటు, తల మీదికి తడిపిన టవల్. ఎండకే కాదు, ముళ్లకు కూడా. రేగు కంప, తుమ్మ, బ్రహ్మజెముడు, కిత్తనార, సీమ కొండల మీద ఒంటికి తగిలేవన్నీ గుచ్చుకునేవే. తుమ్మ ముల్లు పల్చటి సోల్‌లో నుంచి సూటిగా పాదంలోకి దిగుతుంది కాబట్టి చెప్పులు వద్దు. కొత్త షూస్ కూడా వద్దు, కనీసం రెండు వారాలు ఊళ్లో వేసుకుని తిరిగినవై ఉండాలి. ముల్లు తీయడానికి పిన్నీసు, చిన్న పట్టకారు, ఒక కట్టుబట్ట. చేతికి వెదురు కర్ర ఒకటి ఉంటే దిగేటప్పుడు మోకాళ్లు మిమ్మల్ని దీవిస్తాయి, కోతులు కూడా కొంచెం దూరంగా ఉంటాయి.

ఇక్కడ బండ రకం తెలుసుకోవడం అవసరం. అనంతపురం, గుత్తి, పెనుకొండ, రాయదుర్గం వైపు కొండలు గ్రానైట్ జాతి రాళ్లు, 250 కోట్ల ఏళ్లకు మించిన పాతవి. ఎండకు, చలికి పొరలు పొరలుగా ఊడి గుండ్రటి గుండ్లు, నున్నటి పరుపు బండలు అవుతాయి. పొడిగా ఉన్నప్పుడు రబ్బరు సోల్ ఈ బండకు బాగా అతుక్కుంటుంది, వాలు మీద కూడా నిలబడొచ్చు. కానీ దాని మీద రాలిన గరుసు, అంటే సన్న రాళ్ల పలుకులు, ఉంటుంది చూశారూ, అది కాలి కింద సజ్జ గింజల్లా దొర్లుతుంది. మన కొండల మీద పడేవాళ్లలో ఎక్కువమంది పడేది ఆ గరుసు మీదే. దిగేటప్పుడు గరుసు లేని వట్టి బండ మీదో, గడ్డి దుబ్బు మీదో అడుగేయండి, అడుగులు చిన్నవిగా, ఒళ్లు పక్కకు తిప్పి.

కడప వైపు వెళ్తే రాయి మారిపోతుంది. గండికోట ఎర్ర రాయి క్వార్ట్‌జైట్, ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైనది. అది గుండ్రంగా అరగదు, పెట్టెలు పేర్చినట్టు పొరలుగా, పదునైన అంచులతో పగులుతుంది. అక్కడ పైకి గట్టిగా కనబడే రాయి కూడా కదులుతుంది, చెయ్యి పెట్టే ముందు ఒకసారి తట్టి చూడండి. సోల్ కూడా కొంచెం మందంగా, గట్టిగా ఉండాలి. నల్లమలలో అహోబిలం దారి కూడా ఇలాంటి రాయే.

బాట పట్టుకోవడం

మన కొండల మీద బోర్డులు, రంగు గుర్తులు ఉండవని అనుకునే బయల్దేరండి. ఉన్నవి రెండు రకాల బాటలు. మనుషులు నడిచిన బాటలో బండ అరిగి మెరుస్తుంది, అక్కడక్కడ తొలిచిన మెట్లు కనిపిస్తాయి, రెండు పక్కలా కంప నరికి ఉంటుంది. జీవాల బాట సన్నగా, కొండకు అడ్డంగా పోయి, నాలుగుగా చీలి, ఏదో ఒక పొద దగ్గరో లోయ అంచునో మాయమైపోతుంది. పిక్కల దాకానే దారి ఉండి, నడుము ఎత్తున కంప అడ్డంగా ఉందంటే అది మేకల బాటే, వెనక్కి రండి. కోట కొండలైతే ఇంకా సులువు, బాట ఎప్పుడూ ఒక ద్వారం నుంచి ఇంకో ద్వారానికి పోతుంది. దారి తప్పినట్టు అనుమానం రాగానే ముందుకు వెతకడం మానేసి, ఆఖరున దాటిన ద్వారం దాకా దిగి మళ్లీ చూసుకోండి.

పది నిమిషాలకోసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి, ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. ఎక్కేటప్పుడు కనిపించిన కొండ, దిగేటప్పుడు కనిపించే కొండ ఒకటి కాదు, అన్ని గుండ్లూ ఒకేలా ఉంటాయి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఫోన్‌ను ఎండలో పెట్టొద్దు, వేడికి ఆగిపోతుంది. ఇంట్లో ఒకరికి ఏ కొండ, ఏ వైపు నుంచి, ఎన్నింటికి దిగుతారు, ఎన్ని గంటల దాకా ఫోన్ రాకపోతే కంగారుపడాలి అన్నది మెసేజ్ పెట్టి వెళ్లండి. ఒక్కరే వెళ్లకండి. ముగ్గురైతే మంచిది, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉంటారు, ఒకరు కిందికి పోతారు.

మొదటి కొండగా గుత్తి

నేను ఎవరినైనా మొదట గుత్తికే తీసుకెళ్తాను. అనంతపురం నుంచి 44వ జాతీయ రహదారి మీద దాదాపు 50 కిలోమీటర్లు, రైలు జంక్షన్ కూడా ఉంది. దారి ద్వారం నుంచి ద్వారానికి పోతుంది కాబట్టి కొత్తవాళ్లు తప్పిపోరు, మధ్యలో ఎక్కడ ఆగిపోయినా చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

తెల్లారకముందే ఊరి పాత వీధుల గుండా కొండ పాదం చేరండి. అక్కడ ఒక పాత ఇంగ్లీషు శ్మశానం ఉంది. దత్తమండలాల కలెక్టర్‌గా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నర్ అయిన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు, తర్వాత 1831లో అవశేషాలను మద్రాసుకు తీసుకెళ్లారు. ఎక్కే ముందు అది చూడొద్దు, ఆ పావుగంట పొద్దుటి చల్లదనం కొండకు ఇవ్వండి. దిగొచ్చాక చూడొచ్చు.

మొదటి భాగం వాలు తక్కువ, రాతి పరుపు దారి, ఒక్కో ద్వారం దాటుకుంటూ పోతుంది. మొత్తం 15 ద్వారాలని చెబుతారు. ఇక్కడే జనం పొరపాటు చేస్తారు, దారి బాగుంది కదా అని గబగబా నడిచి సగం దమ్ము ఇక్కడే ఖర్చు పెట్టేస్తారు. పక్కనున్న మనిషితో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో నడవండి. మాట తెగుతుందంటే వేగం తగ్గించాలి. ప్రతి ద్వారం లోపల నీడా గాలీ ఉంటాయి, వరసగా రెండు ద్వారాలు దాటాక ఒకచోట రెండు నిమిషాలు నిలబడి నాలుగు గుటకలు తాగండి. దాహం వేశాక తాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం.

మధ్య భాగంలో వాలు పెరుగుతుంది, దారి మలుపులు తిరుగుతుంది. శత్రువు సైన్యం ఒక్క ఊపున పైకి రాకుండా ఉండాలని అలా తిప్పారు, మన కాళ్లకు కూడా ఆ మలుపులే మేలు, అడ్డదారిలో నిటారుగా ఎక్కొద్దు. ఈ భాగంలో రాలిన గోడల రాళ్లు, గరుసు ఎక్కువ. గోడల మీదికి ఎక్కి నడవకండి, సున్నం ఊడిపోయి రాళ్లు వదులుగా ఉన్నాయి. కొండ మీద ఆరవ విక్రమాదిత్యుడి కాలపు కన్నడ శాసనాలు ఉన్నాయి, పశ్చిమ చాళుక్యుల నాటివి. రాతి మీద అక్షరాలు కనిపిస్తే వేళ్లతో రుద్దడం, సుద్దతో పూయడం చేయకండి, చూసి ఫోటో తీసుకోండి చాలు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట అక్షరం బాగా తేలి కనిపిస్తుంది.

పై కోటలో కొట్లు, మందుగుండు గది, బావులు, అంచున మురారిరావు గద్దె అని పిలిచే చిన్న మంటపం. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే ఈ కోటను ఏలాడు. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు కింది కోట, ఊరు పడిపోయినా పై కోట నిలిచింది, చివరకు నీళ్లు అయిపోయి లొంగిపోవాల్సి వచ్చింది. ఇన్ని ద్వారాలు, ఇన్ని గోడలు కట్టి, బావులు తవ్వుకున్న కోట దాహంతో ఓడిపోయింది. ఆ బావుల దగ్గర నిలబడి ఈ సంగతి తలుచుకుంటే నా చెయ్యి దానంతటదే సంచిలో బాటిళ్లు లెక్కపెడుతుంది. గద్దె దగ్గర అంచుకు మూడు బారలు ఇవతలే ఆగండి, అక్కడ గాలి హఠాత్తుగా తోస్తుంది. కింద గుత్తి ఊరు, రైలు పట్టాలు, చుట్టూ ఎర్ర చేలు, అంత దూరం కనబడటం మన ఎండ నేలకే ఉన్న వరం.

దిగేటప్పుడు తొందర పడకండి. ఎక్కడానికి పట్టినంత టైం దిగడానికీ పడుతుందనే లెక్కేసుకోండి. తర్వాత ఓపికుంటే పత్తికొండ రోడ్డులో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చూడండి. అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1929లో వాటిని గుర్తించారు. చిన్న గుట్ట, కష్టం లేదు, ఒక శాసనంలో వరసలు ఎద్దు దున్నినట్టు ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకొకటి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి.

తర్వాత గండికోట

ఇక్కడ ఎక్కే పని లేదు, కోట గుమ్మం దాకా బండి వెళ్తుంది. ఎర్రమల కొండలను పెన్నా నది కోసిన గండి కాబట్టి ఆ పేరు. జమ్మలమడుగులోనో గండికోటలోనో రాత్రి ఆగి, చీకటితో లేచి, జామా మసీదు, ధాన్యాగారం దాటి గండి అంచుకు చేరండి. పొద్దు పొడిచేటప్పుడు ఎర్ర రాయి రంగు నిమిషానికోసారి మారుతుంది, మాట్లాడకుండా చూడండి.

అంచున చాలాచోట్ల కంచె ఉండదు. పెట్టెల్లాంటి ఆ రాళ్ల మీద నుంచి ఇంకో రాయి మీదికి దూకుతూ ఫోటోలు తీసుకోవడం రోజూ చూస్తుంటాను, కడుపులో దేవినట్టు అవుతుంది. కూర్చునే తీయించుకోండి, ఒంటి వెనకాల రాయి ఉండేలా. అంచు వెంబడి నడవాలంటే అంచుకు సమాంతరంగా పది అడుగులు లోపల నడిచి, నచ్చిన చోట ఆగి, అప్పుడు దగ్గరికి వెళ్లండి. నడుస్తూ చూడొద్దు, చూస్తూ నడవొద్దు. గండిలోకి దిగే రాళ్ల దారి ఉంది, అక్కడి మనిషి ఒకరు తోడు లేకుండా దిగకండి. దిగినా నీళ్లలోకి వద్దు, అటూ ఇటూ జలాశయాలు ఉన్నాయి, నీటి మట్టం మారుతుంది, లోతు తెలియదు. ఎక్కి రావడం దిగడానికి రెండింతలు పడుతుంది, ఎండ ఎదురుగా గోడ మీద పడి వేడి మీ ముఖానికే కొడుతుంది. ఎనిమిదిన్నరకల్లా పైన ఉండేలా చూసుకోండి. తర్వాత మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి నీడపట్టున నిదానంగా చూడొచ్చు.

మధ్యాహ్నం బెలుం గుహలకు వెళ్దామని చాలామంది ప్లాన్ చేస్తారు. వెళ్లండి, 3229 మీటర్ల పొడవైన గుహ, చూడాల్సిందే. లోపల చల్లగా ఉంటుందని మాత్రం అనుకోకండి, ఉక్కపోత. పొద్దున కొండ నడిచిన రోజు అలిసిన ఒంటితో లోపలికి దిగకుండా మర్నాడు పెట్టుకోండి.

పెనుకొండ, రాయదుర్గం

గుత్తి ఎక్కినవాళ్లకు ఈ రెండూ అదే రకం. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు, కింద గగన్ మహల్, పైన నరసింహస్వామి గుడి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ జీవాల బాటలు మరీ ఎక్కువ, దారి తప్పించేవి అవే. రాయదుర్గంలో గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి సందులు, గుహలు ఏర్పడ్డాయి, జైనుల కాలపు చెక్కడాలూ ఉన్నాయి. సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్ర పెట్టండి, టార్చి వేసి చూడండి. ఎలుగుబంటి పగలు పడుకునేది అలాంటి చోటే.

అహోబిలం, ఇది వేరే లెక్క

గుత్తి, గండికోట రెండూ అయ్యాకే రండి. ఎగువ అహోబిలం గుడి నుంచి భవనాశి వాగు వెంబడి క్రోడ, మాలోల, జ్వాలా నరసింహుల దాకా భక్తులు నడిచే దారి ఉంది, ఇది నల్లమల కాబట్టి చెట్టు నీడ కూడా దొరుకుతుంది. ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి దిగొచ్చు. ఇంకా పైనున్న ఉగ్రస్తంభం అనే శిఖరం అలా కాదు. చివరి భాగం చేతులూ కాళ్లూ వాడి పాకాల్సిన రాళ్ల గుట్ట, ఎక్కినంత సులువుగా దిగలేరు. అక్కడివాళ్లను గైడ్‌గా తీసుకోండి. మా గైడ్ ఒక యువకుడు, ప్రతి కదిలే రాయీ వాడికి తెలుసు. "అన్నా, దీని మీద కాలు పెట్టద్దు, ఇది మొన్న కదిలింది" అంటూ దారంతా చెప్పుకుంటూ వచ్చాడు. నడుము చుట్టూ సంచీ గట్టిగా కట్టుకోండి, కోతులకు ప్లాస్టిక్ కవర్ చప్పుడు వినిపిస్తే చాలు. వాగు నీళ్లు మోకాలు దాటి ఉంటే ఆ రోజు దాటకండి.

అనుమతి లేకుండా వెళ్లకూడని కొండలు

శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు ఎర్రచందనం పెరిగే అడవులు. దుంగలు కొట్టేవాళ్లు, వాళ్ల కోసం తిరిగే సిబ్బంది ఇద్దరూ ఉంటారు, సంచీ వేసుకుని అడవిలో కనిపించిన కొత్త మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా అడుగు పెట్టొద్దు. లంకమలలో నిత్యపూజ కోనకు శివరాత్రి రోజుల్లో జనం నడుస్తారు, ఆ గుంపుతో వెళ్లడం మంచిది. పోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది ఈ లంకమల కింది కంపల్లోనే. రాత్రి తిరిగే పిట్ట, పగలు కంపల కింద ఉంటుంది. బాట వదిలి పొదల్లో తొక్కుతూ పోవద్దని చెప్పడానికి నాకు ఇది చాలు.

ఏదైనా జరిగితే

తేనెపట్టు: కోట ద్వారాల కింద, కొండ చెరియల కింద పెద్ద తేనెపట్లు వేలాడతాయి. పాము కంటే నాకు వీటితోనే ఎక్కువ జాగ్రత్త. సెంటు పూసుకుని రాకండి, మంట పెట్టకండి, అరవకండి, డ్రోన్ ఎగరేయకండి. లేచాయంటే చేతులు విసరకుండా టవల్ ముఖానికి చుట్టి, వచ్చిన దారిలో ఆగకుండా దూరంగా పోవాలి. అంచువైపు పరిగెత్తకండి.

పాము: ముందు చూపు, తర్వాత అడుగు, కర్రతో తట్టుకుంటూ. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, ఆకు పసరు ఇవేవీ వద్దు. ఉంగరం, వాచీ, షూ తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దించండి, 108కి ఫోన్ చేయండి. విరుగుడు మందు ఉండేది ఆసుపత్రిలోనే.

వడదెబ్బ: తలనొప్పి, వాంతి, కాళ్లు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే నీడ, ఉప్పు చక్కెర నీళ్లు, నడక బంద్. మాట తడబడినా, మనిషి అయోమయంగా చూసినా అది ప్రాణాపాయం. తాగించే ప్రయత్నం మానేసి ఒళ్లంతా తడిపి విసురుతూనే ఉండండి, 108కి చెప్పండి. ముట్టుకోవద్దన్న మూడో బాటిల్ ఇందుకే.

ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తకండి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. గుంపుగా మాట్లాడుకుంటూ పోతే చాలావరకు అదే తప్పుకుంటుంది.

కిందికి రాగానే ఇంటికి ఫోన్ చేయండి, మీ మెసేజ్ పట్టుకుని ఒకరు గడియారం చూస్తూ ఉంటారు. షూ విప్పి ముళ్లు చూసుకోండి. మూడో బాటిల్ మూత అప్పుడు తీయండి. నేనైతే సగం తల మీద పోసుకుని, మిగతా సగం కొండ కింద మేకలు తోలుకుపోయే వాళ్లెవరైనా కనిపిస్తే వాళ్లకిచ్చి, పైన ఏ దొనలో ఇంకా నీళ్లున్నాయో అడుగుతాను.